కుడివైపు నుంచి మొదలయ్యే కథ

ఆ శుక్రవారం ఇంట్లో ఉన్నవాళ్ళు ఉమా పిన్ని, మురళీ బాబాయి, వాళ్ళ కూతురు స్నిగ్ధ, ఉయ్యాల్లో నిద్రపోతున్న చంటివాడు అభిలాష్, వంటింటి పక్క గదిలో అద్దెకుంటున్న షాహీదా, అందరికంటే ఆఖరున భూలక్ష్మి. షాహీదా మొగుడు జిలానీ బాషా నమాజుకెళ్ళి ఇంకా రాలేదు కాబట్టి అతను లెక్కలోకి రాడు. రోజూ డైరీలో మొట్టమొదట ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకోవడం భూలక్ష్మికి అలవాటు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆ వరుస మరీ చిన్నది, అమ్మమ్మ, నేను, అంతే. అమ్మమ్మ పోయాక కొన్నాళ్ళు ఒక్క 'నేను' అని రాసి, ఆ మాట కింద ఇంకేం రాయాలో తోచక పుస్తకం మూసేసేది. దుబాయ్ వచ్చాక వరుస బాగా పెరిగింది. కానీ ఇవాళ దానికి తలమీద ఇంకో పేరు చేరబోతోంది. అమ్మ. పొద్దున్నే పెన్ను తీసి ఆ పేరు రాసేద్దామనుకుంది. ఇంకా గడప దాటని మనిషి పేరు ముందే రాస్తే ఆ మనిషి రాకుండా పోతుందేమోనని భయమేసి, పెన్ను మూత పెట్టేసింది.

వీధి తలుపుకెదురుగా, చెప్పుల స్టాండు పక్కన నేలమీద కూర్చుని, ఒళ్ళో ఆ జపాను పుస్తకం పెట్టుకుని, తలుపు వైపే చూస్తోంది భూలక్ష్మి. కిటికీ ఏసీ గుర్రుమంటోంది, మధ్యమధ్యలో ఆగి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు అందుకుంటోంది. వంటింట్లోంచి వంజరం పులుసు వాసన, అమ్మకిష్టమని పిన్ని పొద్దున్నే డేరా చేపల బజారుకి బాబాయిని తరిమి తెప్పించిన వంజరం. అమ్మకి వంజరం ఇష్టమని భూలక్ష్మికి తెలీదు. అమ్మకేమిష్టమో పిన్నికి తెలుసు, అల్ ఐన్‌లో అమ్మ పనిచేసే ఇంటివాళ్ళకి తెలుసేమో, తనకి తెలీదు. తెలుసుకుంటుంది, మంగళవారం నుంచి రోజూ ఒకటి తెలుసుకుంటుంది. మంగళవారం విమానం. తన విజిట్ వీసా ఆ వారంతో ఆఖరు. అమ్మ ఫోన్లో అంది కదా, ఎవరో తలుపు చాటున వింటున్నట్టు గుసగుసగా, "ఈసారి వచ్చేత్తానే బుల్లీ. మా ఇంటి యజమాని కఫీల్‌ని సెలవడిగేను. ఇద్దరం ఒకే ఇమానంలో ఎల్దాం. కిటికీ పక్కన నువ్వు కూకో." ఒకవేళ అమ్మ రాకపోతే అమలాపురంలో హాస్టలు, ఎందుకైనా మంచిదని బాబాయి మాట్లాడి ఉంచాడు. ఆ ఎందుకైనా అన్న మాట బాబాయి అన్నప్పుడు పిన్ని ఆయన్ని కళ్ళతో ఆపింది. కానీ అమ్మ వస్తుంది. వస్తే హాస్టలెందుకు, ఊళ్ళో పెంకుటిల్లుంది, దాని తాళంచెవి నల్లతాడుకి కట్టి మెడలోనే వేసుకుని తిరుగుతోంది తను, స్నానానికి కూడా తియ్యకుండా. తాళం తియ్యాలి, బూజు దులపాలి, పెరట్లో బోరింగు హ్యాండిలు తుప్పు పట్టి ఉంటుంది, అమ్మా తనూ చెరోవైపు పట్టి కొడితే నీళ్ళు రాకేం.

ఒళ్ళో పుస్తకం ఉంది. అరగంట కిందటి దాకా అది ఆమె దగ్గరున్న అన్నిటికంటే సంతోషమైన వస్తువు. ఇప్పుడు దాన్ని తెరవాలంటే చేతులు రావడం లేదు, ఎటునుంచి తెరవాలో తెలీడం లేదు.

బాబాయి ఆఫీసులో జపాను దొర ఒకాయన దేశం వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టెడు బొమ్మల పుస్తకాలు వదిలేస్తే, మా అమ్మాయికి పిచ్చి అని బాబాయి మోసుకొచ్చాడు. ఒక్కొక్కటి ఇటుకంత లావు, లోపల కాగితం పప్పుల పొట్లం కాగితంలాగా గరుకు. స్నిగ్ధకి వాటిలో కావలసింది ఒక్క మనిషి బొమ్మలే. ఆయన గీసిన కథలో నీలిజుట్టు పిల్ల ఒకతి సముద్రం అడుగున మునిగిన పట్నానికి కాపలా కాస్తుంది. ఆ పిల్ల సాయంత్రాలు టీవీలో కూడా వస్తుంది, అరబ్బీ మాట్లాడుతుంది. జపాను పిల్ల అరబ్బీలో కేకలేస్తుంటే తెలుగు పిల్ల స్నిగ్ధ నోట్లో బిస్కెట్టు నమలడం మర్చిపోయి చూస్తుంది. ఆయనంతటి వాడు లోకంలో లేడని, ఆయన సంతకం మూడు గీతలని, జపానులో ఆయన పేరు చెబితే ముసలాళ్ళు కూడా లేచి నిలబడతారని స్నిగ్ధ చెబుతుంది. నీలిజుట్టు పిల్ల ఉన్న పేజీలన్నీ కత్తిరించి గోడకి అంటించుకుంది. మిగిలిన పుస్తకాల్ని పిన్ని కిటికీ అద్దాలు తుడవడానికి పక్కన పెట్టింది. అలా తడి కాగితంతో అద్దం తుడుస్తుంటే భూలక్ష్మి చేతిలో ఒక ముఖం కనిపించింది. ఒకామె. పెద్ద కళ్ళు కావు, నీలిజుట్టు లేదు, ముడి వేసుకున్న మామూలు జుట్టు, మామూలు ఆడమనిషి. పుస్తకం చిట్టచివర, ప్రకటనల పక్కన, కొన్ని పేజీలంటే కొన్నే. మూల మీద మూడు గీతలు. "ఆయనదే అక్కా, కానీ వేస్ట్, ఇందులో పవర్స్ లేవు, ఫైట్స్ లేవు," అంది స్నిగ్ధ. "నెట్‌లో ఆయన లిస్ట్‌లో కూడా లేదు. ఆయనకే గుర్తుండదు. నువ్వే ఉంచుకో." అంతటి గొప్పవాడు గీసి మర్చిపోయిన కథ. ఎవరికీ అక్కర్లేని కథ. భూలక్ష్మి దాన్ని ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి తన పరుపు కింద దాచుకుంది, అప్పట్నుంచి ఈ ఇంట్లో తనకంటూ ఒకటి ఉన్నట్టయింది.

ఎలా ఉండేది ఆ కథ? మొదట ఒక పేజీ నిండా ఉత్త రైలుపట్టాలు, వాన. మనిషి లేడు. తర్వాత రైలు వస్తుంది, కిటికీలో ఆమె. రైలు దిగుతుంది, చిన్న స్టేషను, తడిసిన బెంచీ. నడుస్తుంది, వంతెన, వాన, జుట్టు కారిపోతూ. ఇల్లు. తలుపు దగ్గర ఆమె చెయ్యి, తలుపుకి ఆవల ఒక చిన్న చెయ్యి. తలుపు తెరుచుకుంటుంది. పిల్ల ఆమె చొక్కాచెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుంది. ఆమె కూర్చుని పిల్లకి తల దువ్వుతుంది, చెంపలు తడిగా ఉంటాయి. ఆఖరి పేజీలో ఇద్దరూ పీటలాంటి బల్ల ముందు అన్నం తింటుంటారు, గిన్నెల్లోంచి పొగ. అంతే. గాలిబుడగల్లో అక్కడక్కడా జపాను అక్షరాలు పిట్టగూళ్ళలా ఉంటే, వాటి పక్కన భూలక్ష్మి సన్నగా చెక్కిన పెన్సిలుతో తెలుగు మాటలు రాసింది. రైల్లో ఆమె పక్కన, ఇంకెంత దూరం. తలుపు దగ్గర ఆమె అంటుంది, తల్లీ, తలుపు తియ్యవే, నేనే. దువ్వేటప్పుడు పిల్ల అడుగుతుంది, ఎందుకేడుస్తున్నావమ్మా. ఏడుపు కాదే, వాన నీళ్ళు. ఆ జవాబు రాసిన రోజు ఎంత గర్వపడిందో, ఇంతకంటే మంచి మాట ఆ జపాను ఆయన కూడా రాసి ఉండడనుకుంది.

ఇందాక, భూలక్ష్మి తప్ప అందరూ భోజనాలు చేశాక, షాహీదా తడిచేతులు పైటకి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూలబడింది. "ఏం పాపా, అమ్మ కోసరం వాకిలి కాపలా కాస్తా ఉండావా?" అని నవ్వి, "ఏం బుక్కు అది, బొమ్మలు బలే ఉండాయే," అంటూ తీసుకుంది. షాహీదాది రాయచోటి పక్క ఊరు, మాట్లాడేది తెలుగే అయినా చదవడం ఉర్దూ ఒక్కటే వచ్చు, మదర్సాలో నేర్చుకున్నది. భూలక్ష్మి పెన్సిలు మాటలు ఆమెకి కాకి గీతలే. ఆమె ఆ కథ పేజీల్ని చేతిలోకి తీసుకుని, ఏ ఆలోచనా లేకుండా, రోజూ తన పుస్తకాల్ని తెరిచినట్టే తెరిచింది. అటువైపు నుంచి. ఇది ఆఖరు పేజీ అక్కా, అందామనుకుంది భూలక్ష్మి. మాట గొంతు దాటేలోపు షాహీదా చెప్పుకుపోతోంది, చిన్నపిల్లకి చూపించినట్టు వేలుపెట్టి.

"ఇదో, తల్లీబిడ్డా బువ్వ తింటా ఉండారు. ఇంగ తల దువ్వతా ఉండాది. చూడు, ఏడస్తా ఉండాది తల్లి, బిడ్డకు కనపడకుండా. ఎందుకబ్బా? ఆఁ, చెప్పులేసుకునింది, పోతాది. బిడ్డ చెయ్యి పట్టుకునింది, పోవద్దమా పోవద్దమా అని. యా అల్లా, వాకిలేసేసింది! పాపం బిడ్డ చెయ్యి ఈపక్కనే ఉండిపాయె. గొడుగు గూడా బిడ్డకే ఇడిసిపెట్టి వానలో పోతాది. రైలెక్కె. పాయె. ఖలాస్, ఇంగేం లేదు, ఉత్త పట్టాలు." షాహీదా ముక్కు ఎగబీల్చింది. "ఎవుడో గానీ కడుపులో చెయ్యి పెట్టి దేవినాడు పాపా."

"అక్కా, ఇటునుంచి కదా," అంది భూలక్ష్మి. ఆ మాట తనకే సరిగ్గా వినపడలేదు.

సోఫాలో తలకిందులుగా పడుకున్న స్నిగ్ధకి మాత్రం వినపడింది. "అక్కా! ఇన్నాళ్ళూ నువ్వు ఉల్టా చదివావా? జపాన్ బుక్స్ రైట్ నుంచి లెఫ్ట్‌కి అక్కా, అందరికీ తెలుసు!" నవ్వింది, చెడ్డ నవ్వు కాదు, స్కూల్లో చెప్పడానికి ఒకటి దొరికిన నవ్వు. "మా ఉర్దూ మాదిరే," అంది షాహీదా ఆశ్చర్యంగా. "నీకెవురూ చెప్పలేదా పాపా?"

ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగలేదు కదా. అడగడమంటే ఆమెకి మొదట్నుంచీ నాలుక మడతపడుతుంది, బళ్ళో కూడా తెలిసిన జవాబుకి చెయ్యెత్తేది కాదు. పలకమీద మాస్టారు చెయ్యి పట్టి దిద్దించినప్పుడు అ ఎడమ పక్కన మొదలై కుడి పక్కకి నడిచింది, ఆ తర్వాత ఆమె చూసిన ప్రతి కాగితమూ అటే నడిచింది. కథలు కూడా అటే నడుస్తాయనుకుంది. ఇప్పుడు మళ్ళీ ఎడమ నుంచి తెరిచింది. రైలొచ్చింది, ఆమె దిగింది, తలుపు తెరుచుకుంది. కుడి నుంచి తెరిచింది. తలుపు మూసుకుంది, ఆమె ఎక్కింది, రైలెళ్ళిపోయింది. అవే పేజీలు, అదే వాన. గీత ఒక్కటి కూడా మారలేదు. మరి ఇన్నాళ్ళూ తన కంటపడి కూడా తను పట్టించుకోనివెన్ని ఉన్నాయి ఇందులో! ఆ నడిచే బొమ్మలో ఇల్లు ఆమె వీపు వెనకాల ఉంటుంది. ఇంటికొచ్చే మనిషికి ఇల్లు ముందుండాలి కదా. అదెవరో పక్కింటివాళ్ళదిలే అని తనే సర్దిచెప్పుకుంది. గొడుగు దారిలో ఉండదు, తలుపు దగ్గరికొచ్చేసరికి ఎక్కడిదో గొడుగు గోడకానించి ఉంటుంది. పిల్ల ముందే తెచ్చి పెట్టిందిలే అనుకుంది. ఆ చెంపల తడి. లోపలికొచ్చి పొడిగుడ్డలు కట్టుకున్నాక కూడా వాన నీళ్ళేంటి? తెలుసు. ఎక్కడో తెలుసు. తెలిసినదాని మీద పెన్సిలుతో వేరే మాట రాసి మూసేసింది.

కానీ తను వచ్చే అమ్మనే ఎందుకు చూసిందంటే, తను చూసిన అమ్మ వచ్చే అమ్మే. వెళ్ళే అమ్మని ఎప్పుడూ చూడలేదు. మొదటిసారి అమ్మ గల్ఫ్ వెళ్ళినప్పుడు తను నిద్రలో ఉంది, నాన్న పోయిన ఏడాది, లేచేసరికి అమ్మ చీర ఒకటి తనమీద కప్పి ఉంది. నాలుగో తరగతిలో ఉండగా అమ్మ ఒక్కసారి సెలవుకొచ్చింది. ఆ రావడం మాత్రం గుర్తుంది, అచ్చు బొమ్మల్లాగే గుర్తుంది, మలుపులో ఆటో ఆగడం, ముందు ఒక కాలు, కొత్త చెప్పు, దానికి మెరిసే పువ్వు, తర్వాత పెద్ద పెట్టె, తర్వాత అమ్మ ముఖం, తెల్లబడ్డ ముఖం, అత్తరు వాసన. అమ్మ తనని ఎత్తుకోబోయి బరువుకి ఎత్తలేక నవ్వేసింది. పది రోజులో పన్నెండు రోజులో. తర్వాత ఒక సాయంత్రం బడినుంచి వచ్చేసరికి మంచం కింద పెట్టె లేదు. ఆ జాగాలో నేలమీద పెట్టెంత మేర దుమ్ము లేకుండా శుభ్రంగా ఉంది. "చెప్తే ఏడుత్తావని చెప్పలేదమ్మా," అంది అమ్మమ్మ. అందుకని వెళ్ళడం అనేది ఎలా ఉంటుందో తనకి తెలీదు, దానికి తన దగ్గర బొమ్మ లేదు. ఉన్న బొమ్మే తిరగేసి చూసుకుంటే ఏం తప్పు? ఆ జపాను ఆయన అంత పేరున్నవాడు, ఎన్నో ముగింపులు చేతిలో ఉన్నవాడు, ఆ గిన్నెల్లో పొగని ఆఖర్న పెడితే ఆయన సొమ్మేం పోయింది? ఒకవేళ ఆయన వాళ్ళమ్మ కూడా అలాగే... అందుకే ఎవరికీ చూపించకుండా ప్రకటనల పక్కన దాచాడేమో. లిస్టులో లేకుండా పోయిందేమో.

వంటింట్లో పిన్ని గిన్నెలు సర్దుతోంది, సర్దినవే మళ్ళీ సర్దుతోంది. పొద్దుట్నుంచీ పిన్ని తనకేసి చూసి చూడనట్టుంటోంది. నిన్న రాత్రి పిన్ని ఫోన్లో "నువ్వే చెప్పుకో అక్కా, నా వల్ల కాదు," అనడం వినపడింది. ఏం చెప్పుకోవాలి? చేపల సంగతేమో. కాదు, కాదు, ఆ వాక్యం పక్కన కూడా తను అప్పుడే పెన్సిలుతో ఏదో రాసేసింది. అమ్మ పంపిన డబ్బుతోనే పిన్ని డిగ్రీ చదివింది, ఆ డిగ్రీ చూసే బాబాయి వాళ్ళు చేసుకున్నారు. ఆ మాట పిన్నే ఒకసారి ఏడుస్తూ చెప్పింది. ఆ పిన్నే కింద ఫ్లాటు వాళ్ళు అడిగితే మా అక్క అల్ ఐన్‌లో నర్సు అని చెప్పింది. రెండూ నిజమన్నట్టే చెప్పింది, రెండిట్లోనూ గొంతు ఒక్కలాగే ఉంది.

బెల్లు మోగింది.

లేవడం గుర్తులేదు, తలుపు తియ్యడం గుర్తుంది. తలుపు తెరుచుకుంటుంది, ఆ బొమ్మ. నల్ల బురఖాలాంటి గౌనులో ఒక ఆడమనిషి, తలచుట్టూ గుడ్డ, చేతిలో మెరుపు కాగితం సంచి, వెడల్పాటి నుదురు, కళ్ళకింద నలుపు. ఆమె భూలక్ష్మికేసి చూసి మర్యాదగా నవ్వింది. ఆమె చూపు భూలక్ష్మి భుజం మీదుగా లోపలికెళ్ళి, హాల్లో ఇంత ఎత్తున, నడుమెత్తున, వెతికింది.

"బుల్లి ఏదమ్మా?" అని అడిగింది భూలక్ష్మినే.

ఏసీ సరిగ్గా అప్పుడే ఆగింది. "అదేంటక్కా, అదే బుల్లి!" అని పిన్ని వెనకనుంచి నవ్వుతూ వచ్చింది, ఆ నవ్వు మధ్యలో విరిగిపోయింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో, ఎంత పొడుగైపోయిందే! ఎండలోంచి వచ్చేను కదా, కళ్ళు కనపళ్ళేదే, ఎండ," అంది, అని భూలక్ష్మి రెండు చెంపలూ పట్టుకుంది. చేతులు వేడిగా ఉన్నాయి. అత్తరు వాసన అదే. పోల్చుకోకపోతే ఏం, తను మాత్రం పోల్చుకుందా? బొమ్మలో ఆమెకి ముడి ఉంది, అమ్మకి తలగుడ్డ ఉంది. "కూర్చోండి వదినా," అని బాబాయి లేచి, కూర్చోడానికి చోటు చూపించి, పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

సంచిలోంచి గౌను తీసింది అమ్మ. గులాబీరంగు, నడుం దగ్గర పెద్ద ముడి, పూసలు. అది తన మోకాళ్ళ దాకా కూడా రాదు. అమ్మకీ చూడగానే తెలిసింది, చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "నూరా వొంటికి పెట్టి చూసి కొన్నానే. దానికి కొంచెం వదులైతే నీకు సరిపోద్ది అనుకున్నాను." నూరా ఎవరో చెప్పలేదు, చెప్పాల్సిన పనిలేదనుకుంది, ఇంట్లోవాళ్ళ పేరు అన్నట్టు అంది. "సరిపోద్దమ్మా," అంది భూలక్ష్మి. గౌను తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, పుస్తకం మీద.

అన్నం పెట్టింది పిన్ని. అమ్మా తనూ ఎదురెదురుగా నేలమీద కూర్చున్నారు, గిన్నెలోంచి పొగ. పిన్నీ వాళ్ళూ తినేశారు కాబట్టి ఇద్దరే. అమ్మ కోసం ఆకలి దాచుకుంది తను. ఇదే ఆఖరి పేజీ, ఇక్కడ ఆగిపోవాలి, ఇంక పేజీ తిప్పకూడదు, తిప్పకపోతే ఏమీ జరగదు. అమ్మ చేప ముక్కలో ముల్లు ఏరుతోంది, ఏరి, మెత్తటి గుజ్జు చిన్నచిన్న ముద్దలు చేసి, అలవాటుగా, కంచం అంచున వరసగా పెడుతోంది. అవి చాలా చిన్న ముద్దలు. ఐదారేళ్ళ పిల్ల నోట్లో పట్టేవి. అమ్మ వేళ్ళకి ఎవరి నోరు గుర్తుందో ఆ నోటికి సరిపడేవి. ఒక ముద్ద ఎత్తి భూలక్ష్మి నోటి దగ్గర పెట్టి, "యల్లా, హబీబ్తీ," అని అరబ్బీలో ముద్దుచేసి, ఆగి, "తిను," అంది. తిన్నది. అన్నీ తిన్నది. కుడి నుంచి మొదలైతే ఇదే మొదటి పేజీ.

"ఇలా రాయే, తల దువ్వుతాను," అంది అమ్మ చేతులు కడుక్కుని. వద్దనాలనిపించింది. తల దువ్వొద్దమ్మా, ఇంకేదైనా చెయ్యి, తిట్టు, నిద్రపో, టీవీ చూడు, నీలిజుట్టు పిల్ల అరబ్బీ మాట్లాడుతుంది, నీకర్థమవుతుంది, అది చూద్దాం. కానీ ఎవరికీ ఏదీ వద్దని చెప్పిన అలవాటు లేదు. వెళ్ళి అమ్మ మోకాళ్ళ మధ్య కూర్చుంది. దువ్వెన మాడు మీంచి దిగుతోంది, హాయిగా ఉంది, ఆ హాయికే భయం వేస్తోంది. మెడలో నల్లతాడు చూసి అమ్మ, "ఇదేంటే?" అంది. "ఇంటి తాళంచెవి." దువ్వెన ఆగింది. వంటింట్లో పిన్ని కుళాయి తిప్పింది, నీళ్ళ చప్పుడు పెద్దది చేసింది. షాహీదా తన గది తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది. అందరికీ తెలుసు. ఈ కథ ఎటునుంచి మొదలవుతుందో అందరికీ తెలుసు, తనకి తప్ప.

"బుల్లీ," అంది అమ్మ వెనకనుంచి. ముఖం కనపడదు. "కఫీల్ మళ్ళీ రెండేళ్ళకి ఈసా కొట్టించేసేడే. నేనడిగేను. మేడమ్ ఏడ్చింది, నా చేతులు పట్టేసుకుంది. నూరా నేను తినిపిత్తే గానీ ముద్ద ముట్టదు, రాత్రి నా పక్కనే పడుకుంటది, తల్లున్నా లేనట్టేనే దానికి, ఆవిడకెప్పుడూ ఒంట్లో బావోదు. ఒక్క రెండేళ్ళు. బళ్ళో పడితే దానికదే సర్దుకుంటది. అప్పుడు ఖలాస్, వచ్చేత్తాను. అమలాపురంలో ఆస్టలు మంచిదంట, మురళీగారు కనుక్కున్నారు. పెద్దదానివైపోయేవు కదా. ఇయ్యాల చూత్తే తెలిసింది, ఎంత పెద్దదానివైపోయేవో."

"అలాగేనమ్మా," అంది భూలక్ష్మి. లోపల పదిసార్లు ఇంకో మాట లేచింది, నేను కూడా ముద్ద ముట్టనే, నువ్వు వెళ్ళిన రోజు నేనూ ముట్టలేదే, అమ్మమ్మ కొట్టి తినిపించిందే. అది పిల్ల గొంతుతో లేచింది, తొమ్మిదేళ్ళ పిల్ల గొంతుతో, అమ్మ హాల్లో నడుమెత్తున వెతికిన పిల్ల గొంతుతో. ఆ పిల్ల నిజంగానే ఎక్కడికెళ్ళిందో. "అలాగేనమ్మా," అంది మళ్ళీ. ఎందుకేడుస్తున్నావమ్మా అని అడగలేదు. జవాబు తనే రాసింది కదా.

అమ్మ సెల్ మోగింది. అందులోంచి సన్నటి ఏడుపు హాలంతా వినిపించింది. అమ్మ చప్పున లేచి గోడవైపు తిరిగి అరబ్బీలో మాట్లాడింది, తియ్యగా, సాగదీస్తూ, మాట చివర చిన్న పాటలాగా ఎత్తి దించుతూ. భూలక్ష్మికి ఒక్క మాట అర్థం కాలేదు. కానీ ఆ ఎత్తి దించడం తెలుసు. అది తనది. తనకి జ్వరమొచ్చినప్పటిది, ఉయ్యాల మంచం మీదిది, ఇన్నేళ్ళుగా గుర్తుచేసుకుందామంటే దొరకనిది. గొంతు పోలేదు, పారిపోలేదు, ఎండిపోలేదు. ఇక్కడే ఉంది, రోజూ ఎవరికో అందుతూనే ఉంది. విన్నంతసేపూ వింది, కళ్ళు మూసుకుని, తనకే అన్నట్టు వింది.

"డ్రైవరు కింద తొందరపెడతన్నాడు, నూరా కార్లో ఏడుత్తందంట," అంది అమ్మ తలగుడ్డ బిగించుకుంటూ. పిన్ని వచ్చి ఏదో డబ్బా చేతిలో పెట్టింది, అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కావలించుకున్నారు. అమ్మ స్టాండు దగ్గర చెప్పులేసుకుంది. పాత చెప్పులు, పువ్వులేవీ లేవు. తలుపు తీసుకుని వరండాలోకి దిగి లిఫ్టు మీట నొక్కింది. వేడిగాలి ఒక్కసారి ఇంట్లోకి కొట్టింది.

భూలక్ష్మి గుమ్మం దాకా వెళ్ళింది. వెళ్ళడం ఇలా ఉంటుందన్నమాట. ఇది చూడ్డానికేనా ఇన్నాళ్ళూ ఎదురుచూసింది. తన చెయ్యి తనకి తెలీకుండానే పోయి అమ్మ గౌను చేతిని పట్టుకుంది. చూసుకుంటే అచ్చు ఆ చెయ్యే, బొమ్మలో చెయ్యే, లోపలికి లాగుతోందని తను రాసుకున్న చెయ్యి.

"కిటికీ పక్కన నువ్వే కూకోమ్మా," అంది. "నాకక్కర్లేదు. నువ్వే కూకో."

అమ్మ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది, ముల్లు ఏరినంత మెల్లగా. విడదీసిన చేతిని గుమ్మం లోపలికి పెట్టి, ఒకసారి అదిమి, వదిలేసింది. "తలుపేసుకోయే, చల్లంతా పోతంది," అంది. భూలక్ష్మి తలుపు వెయ్యలేదు. తలుపంచు పట్టుకుని అలాగే నిలబడింది, ఒళ్ళోంచి జారిన గులాబీ గౌను ఎక్కడో వెనకాల నేలమీద ఉంది, దాని కింద పుస్తకం, ఏ వైపు నుంచీ తెరిచి లేదు. లిఫ్టు వచ్చి ఆగింది. అమ్మ వెనక్కొచ్చి, బయటి పిడి పట్టుకుని, భూలక్ష్మి వేళ్ళు నలగకుండా ఒక్క క్షణం ఆగి చూసి, తలుపు తనవైపుకి లాగి మూసేసింది.